అరగంటకని మూసిన రోడ్డు

ఆదివారం పొద్దున, ఊరు ఇంకా ఆవులిస్తుండగా, కోడలు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఇంటి ముందు రోడ్డుని ఓ అరగంట మూసేయాలి, కారుని రివర్సులో గేట్లోకి పెట్టడం ప్రాక్టీసు చేయాలి, ఎవరూ నిలదీయకముందే తెరిచేయాలి. మర్నాడే డ్రైవింగ్ టెస్టు. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ గుద్దింది ఒకే స్తంభాన్ని. "ఈసారీ తప్పావంటే నాన్న కారు నాది వదినా," అని మరిది పందెం కట్టి కూర్చున్నాడు.

మరిది పనిచేసేది కార్పొరేషన్ రోడ్ల విభాగంలో. ఆఫీసువాళ్ల నారింజరంగు కోన్లు వరండాలో దొంతరగా పడున్నాయి. వాడి కోన్లతోనే వాణ్ణి ఓడిస్తే ఆ మజాయే వేరనుకుని, కోడలు వాటిని రోడ్డుకి రెండు కొసలా పేర్చి వచ్చింది.

మొదట వచ్చిన బస్సు డ్రైవరు కోన్లు చూసి గొణుక్కుంటూ పక్క రోడ్డుకి తిప్పాడు. వెనకవాళ్లంతా బస్సు వెనకాలే పోయారు. తర్వాత కానిస్టేబులు వచ్చాడు.

"ఎవరమ్మా మూయించింది?"

"మా కోడలు," అన్నారు వరండాలోంచి అత్తగారు.

"ఆఫీసరా?"

"ఈ ఇంటివరకూ ఆవిడదే ఆర్డరు."

కోన్ల మీద కార్పొరేషన్ ముద్ర కనబడుతోంది. తనకి తెలీదంటే పరువు తక్కువ. "అవునవును, నాకు చెప్పారు," అని కానిస్టేబులు ఈల తీసి లారీలు మళ్లించడం మొదలెట్టాడు.

బండ్ల రొద ఆగేసరికి అత్తగారికి ఎదురింటి కుట్టుమిషను చప్పుడు వినబడింది. ఏళ్ల తరబడి ఆవిడా, ఎదురింటి టైలరమ్మా అటూ ఇటూ నిలబడి చేతులూపుకోవడమే గానీ మాట్లాడుకున్నది లేదు. అత్తగారు కుర్చీ పట్టుకెళ్లి నడిరోడ్డు మీద వేసుకున్నారు. టైలరమ్మ స్టూలు తెచ్చుకుంది.

"మీ గొంతు ఇలా ఉంటుందనుకోలేదండీ."

"ఎలా ఉంటుందనుకున్నావు?"

"ఇంకాస్త లావుగా."

కుర్చీలు చూసి చదరంగం వాళ్లొచ్చారు. వాళ్లని చూసి సైకిళ్ల పిల్లలొచ్చారు. ఎవరో షటిల్ నెట్టు కట్టారు, ఒక కొస కరెంటు స్తంభానికి, రెండో కొస కోడలు రోడ్డు మీదికి తీసి పెట్టిన కారు అద్దానికి.

"అత్తయ్యా, కొంచెం జరగండి. నేను రివర్సు చేసుకోవాలి."

"కారెక్కడికి పోతుందే. కూర్చో కాసేపు. టైలరమ్మ తన పెళ్లి సంగతి చెబుతోంది."

మరిది పళ్లు తోముకుంటూ బయటికొచ్చి, కోన్లు చూసి, నురగ మింగేశాడు.

"వదినా, నా ఉద్యోగం పోయింది."

అప్పటికే కానిస్టేబులు ఫోను చేయడంతో వాడి ఇంజినీరుగారు దిగిపోయారు. ఈ రోడ్డుని జనం కూర్చునే చోటుగా మార్చుదామని ఆయన ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. జనం రారని పైవాళ్లు కొట్టిపారేస్తున్నారు. ఆయన జనాన్ని చూశారు, కోన్లని చూశారు, మరిదిని కావలించుకున్నారు.

"మాటల్తో కాదని చేసి చూపించావయ్యా. ఫొటోలు పైకి పంపిస్తా. మధ్యలో ఆ కారేంటి, తీయించు ముందు."

ఆ మాటకి చదరంగం ఆడుతున్న ఒకాయన తలెత్తారు. కోడలు ఆయన్ని గుర్తుపట్టింది. టెస్టు పెట్టే ఇన్‌స్పెక్టరుగారు.

"మీరేనా తీసేది? ఒక్క నిమిషం," అని ఆయన చదరంగం బల్ల ఎత్తుకుని బాగా దూరం జరిగారు. "ఊఁ, ఇప్పుడు కానివ్వండి."

నెట్టు విప్పించి కోడలు కారెక్కింది. ఈసారి వెనక ఉన్నది స్తంభం కాదు, అత్తగారు. స్తంభాన్నయితే గుద్దొచ్చు. కారు నత్తలా వెనక్కి కదిలింది. సైకిళ్లు దాటింది, స్టూలు దాటింది, అత్తగారి చెప్పులకి జానెడు దూరంలో ఒంపు తిరిగి, నేరుగా గేట్లోకి పోయి ఆగింది. అత్తగారు మాట కూడా ఆపలేదు.

"రేపు వచ్చి సంతకం పెట్టించుకెళ్లండి," అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. "స్తంభం దాకా వద్దు."

ఆ రోడ్డు మళ్లీ తెరుచుకోలేదు. మొక్కల తొట్లొచ్చాయి, కూర్చునే బల్లలొచ్చాయి. కుట్టుమిషను సగం రోజు బయటే ఉంటోంది. వాహనాలు తిరగరాదన్న బోర్డు మాత్రం సరిగ్గా వీళ్ల గేటుకి అడ్డంగా పాతారు.

పందెం గెలిచింది వదినే కాబట్టి కారు ఆవిడదేనని మరిది ఏ పేచీ లేకుండా ఒప్పేసుకున్నాడు.