స్మారక సంఘం అధ్యక్షుడి కన్నీళ్ళు

"పూర్వీకుల సమాధులను మరిచిన మనిషికీ, చిరునామా రాయని ఉత్తరానికీ గమ్యం ఉండదు!"

మైకులో ఆ మాట అని చప్పట్ల కోసం ఆగాడు రిటైర్డు పోస్టుమాస్టరు. ఏడు చప్పట్లు వినపడ్డాయి. అందులో రెండు ఆయనవే. ఆ సంగతి తెలిసి కూడా వినయంగా తల వంచి నమస్కారం పెట్టాడు.

ఊరి చివరి మెథడిస్టు చర్చినీ, దాని వెనకున్న సమాధుల తోటనూ రక్షిత స్మారకంగా ప్రకటింపజేయాలని ఆయన రెండేళ్ళుగా ఎక్కని గుమ్మం లేదు. సంఘం పెట్టాడు. అధ్యక్షుడిగా తన పేరు తనే ప్రతిపాదించుకొని, ఏకగ్రీవంగా గెలిచాడు. ప్రతి అర్జీలోనూ "మా నాన్నగారు నిద్రిస్తున్న ఆ పవిత్ర స్థలం" అని రాసేవాడు. రాసిన ప్రతిసారీ ఆయనకే గొంతు పూడుకుపోయేది. ఆ పవిత్ర స్థలంలో తను అడుగుపెట్టి ముప్పై ఏళ్ళయిందన్న ముక్క మాత్రం ఏ అర్జీలోనూ పట్టలేదు!

తనిఖీకి అధికారి వస్తున్నాడనగానే మనుషులను పంపి సమాధి రాళ్ళన్నిటికీ సున్నం కొట్టించాడు. రాళ్ళు తళతళలాడాయి. పేర్లు మాత్రం ఒక్కటీ కనపడకుండా పోయాయి.

ఉపన్యాసం అయ్యాక అధికారి సమాధుల మధ్యకు వచ్చి రిజిస్టరు తెరిచాడు. "మీ నాన్నగారి సమాధి దగ్గర మీ ఫోటో ఒకటి కావాలండీ. ఫైల్లో పెట్టాలి, పేపరుకీ ఇవ్వాలి."

ఆయన వెంట వచ్చిన ఫోటోగ్రాఫరు కెమెరా తీశాడు. ముప్పై అయిదేళ్ళు ఊళ్ళో ప్రతి ఉత్తరాన్నీ సరైన ఇంటికి చేర్పించిన ఘనుడికి కన్నతండ్రి ఎక్కడున్నాడో తెలియదు! అన్నీ తెల్లగానే ఉన్నాయి, ఎవరు కనిపెడతారులే అనుకున్నాడు. మూడో వరసలో నున్నటి రాయి ఒకటి చూసుకొని, ఫోటోలో మొహం బాగా పడేలా దాని పక్కనున్న గడ్డి మీద మోకాళ్ళూని, "నాన్నా!" అన్నాడు. నిజంగానే కన్నీళ్ళొచ్చాయి. ఇంత విద్య తనలో ఉందా అని తనే ముచ్చటపడ్డాడు.

"ఇది మీ నాన్నగారిదని రాసుకుంటున్నాను. ఇక దీన్ని ఎవరూ తవ్వడానికి వీల్లేదు," అన్నాడు అధికారి.

"ఒరేయ్!"

గేటు దగ్గర మేనత్త. తండ్రికి చెల్లెలు, ఎనభై దాటిన మనిషి. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఆ తోటలో కలుపు పీకేది ఆవిడే. చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి మేనల్లుడి చెవి దగ్గర వంగింది.

"అది నాదిరా! అన్నయ్య పక్కనే ఉండాలని బతికుండగానే రాయి వేయించుకున్నాను. కింద ఎవరూ లేరు. నీ ఏడుపేదో మీ నాన్న దగ్గర ఏడువు, నా చోటు పోగొట్టకు."

"మెల్లగా అత్తయ్యా! ఫోటో అయిపోనీ, తర్వాత చూద్దాం."

"తర్వాతంటే, నేను పోయాకా? ఆయన పెన్నుతో రాసేస్తున్నాడురా!"

పోస్టుమాస్టరు కళ్ళ ముందు రేపటి పేపరు, అందులో తన ఫోటో, కింద తన పేరు కదిలాయి. అత్తయ్య వంగి ఆ రాయికి తన చెయ్యి అడ్డం పెట్టింది. సిగ్గుతో ఆయన తల నేలకు దిగిపోయింది.

"రాయకండి సార్! ఇది మా నాన్నది కాదు. మా అత్తయ్య తనకోసం ఉంచుకున్న చోటు. మా నాన్నది ఎక్కడో... నాకు తెలియదు."

అధికారి కళ్ళజోడు తీసి ఆయన్ని ఎగాదిగా చూశాడు. సరిగ్గా అప్పుడే ఫోటోగ్రాఫరు క్లిక్కుమనిపించాడు.

అధికారి రిజిస్టరు గడిలో 'ఖాళీ, ఈమె కోసం' అని రాసుకొని ముసలావిడ వైపు తిరిగాడు. "మరి మీ అన్నగారి రాయి ఏదమ్మా?"

"అన్నయ్యకి రాయెక్కడిదండీ! నేను వేయిస్తానంటే, కొడుకుని నేనుండగా నువ్వెందుకు, నా పరువేం కావాలి అన్నాడు వీడు. ఇవాళ రేపు అంటూ ముప్పై ఏళ్ళు నెట్టుకొచ్చాడు."

పోస్టుమాస్టరు గొంతు నిజంగానే పూడుకుపోయింది. "ఎక్కడ అత్తయ్యా?" అన్నాడు.

"ముందు లేవరా," అంది మేనత్త. "ఇందాకటి నుంచి ఆయన మీదే కూర్చున్నావు."