దొడ్లో దూరిన లెచ్వే

ఆ ఉదయం హిమూందె అనుకున్నది చిన్న పనే. ఆఫీసరు వస్తాడు, కఫ్యూ ఏటి పల్లాల్లో మేసే లెచ్వే జింకలను లెక్కపెడతారు, కోడికూరతో మొక్కజొన్న పిండి న్షీమా ముద్ద తిని ఆయన వెళ్ళిపోతాడు. జింకల కాపలా ఉద్యోగంలో చేరి మూడు నెలలు. ఆయన సరేనంటేనే అది ఖాయం.

ఆయనకన్నా ముందు లెచ్వేనే వచ్చింది. కుక్కలు తరిమితే ఓ పెద్దకొమ్ముల పోతు బురదకాళ్ళతో వచ్చి ఆవుల దొడ్లో దూరింది. కుక్కలు చొరబడకుండా భార్య ముతింతా గబుక్కున దొడ్డి వాకిట్లో అడ్డకర్రలు వేసేసింది.

"కొంప ముంచావే! లెచ్వేని పట్టినోడికి జైలు. కాపలావాడి దొడ్లోనే దొరికితే?"

"కుక్కల నోట్లో పెడితే మెచ్చుకుంటాడా ఏం మీ ఆఫీసరు?"

అంతలో కంచె మీద పక్కింటి హాబెంజు తల లేచింది. అతనిది తేనెటీగల వంశం, హిమూందెది ఏనుగుల వంశం. అక్కడ ఎవరికైనా వంశం తల్లి నుంచే వస్తుంది. ఆ రెండు వంశాలకూ ఎకసెక్కాల వరస. ఎంత మాటన్నా నవ్వుతూనే బదులియ్యాలి. కోపం తెచ్చుకుంటే ఊరి ముందు తలవంపులు, పైగా జరిమానాగా కోడిని ఇచ్చుకోవాలి.

"ఓర్నాయనో! ఏనుగులోడు లెచ్వేని కట్టేశాడు! గిన్నెలు తెచ్చుకోండ్రోయ్!"

హిమూందె పళ్ళికిలించాడు. "తెచ్చుకోండి, ఉప్పు కూడా! తేనెటీగలోళ్ళకి మాత్రం కొమ్ములే!"

సగం ఊరు నవ్వింది. మిగతా సగం గిన్నెలతో వచ్చింది. ఓ ముసలమ్మ నిజంగానే ఉప్పు తెచ్చింది. వాళ్ళ వెనకే జీపు ఆగింది.

ఆఫీసరు గిన్నెలు చూశాడు, ఉప్పు చూశాడు, కంచె పైన కొమ్ములు చూశాడు.

"ఈ గిన్నెలు తెమ్మన్నదెవరు?"

అన్ని వేళ్ళూ హిమూందె వైపే తిరిగాయి. అతను అడ్డకర్రలు లాగేశాడు. లెచ్వే జనాన్ని చీల్చుకుని, జీపు ముందుభాగం మీదుగా దూకి ఏటి నీళ్ళలోకి పారిపోయింది. గిన్నెలు గలగలా దొర్లాయి.

"సాక్ష్యం కూడా మాయం చేస్తావా! నీ ఉద్యోగం పోయింది. ఎక్కు జీపు!" ఆఫీసరు ఊగిపోయాడు.

ముసలమ్మ అడ్డొచ్చింది. "అయ్యా, మీ అమ్మది ఏ వంశం?"

"తేనెటీగలది. అయితే ఏంటి?"

హాబెంజు బుగ్గలు నొక్కుకుంటూ అన్నాడు, "మనవాడివై ఉండి ఏనుగులోడి మీద కోప్పడ్డావా? అమ్మ పరువు తీశావు కదయ్యా!"

ఆఫీసరు అందరి మొహాలూ చూశాడు. పళ్ళికిలించాడు. "కోపమా? నాకా? ఏనుగు ఏడిస్తే ఎలా ఉంటుందో చూద్దామని!"

ఊరంతా గొల్లున నవ్వింది.

హిమూందె ఉద్యోగం ఖాయమైంది. ఆఫీసరు మాత్రం అప్పటినుంచి ఏ ఊరెళ్ళినా ముందు వంశం అడిగి, తర్వాతే కోపం తెచ్చుకుంటున్నాడు.