ఒక్క లైనులో పని

ఆ ఉదయం ఇంజనీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు భార్యకు వీడియోలో ఇంటర్వ్యూ. కూతురు పుట్టినప్పుడు మానేసిన ఉద్యోగం లాంటిదే మళ్లీ దొరికే అవకాశం. ఆ కాసేపూ ఇంట్లో నెట్ అంతా ఆమెకే అందాలి.

ఆఫీసులో మూలన పడేసిన నెట్‌వర్క్ స్విచ్ ఒకటి తెచ్చి ఆయన హాల్లో అల్మారాలో బిగించాడు. ప్రతి గదికీ దాని నుంచే తీగ వెళ్తుంది. దానికి ఏం చెప్పాలన్నా లాప్‌టాప్‌లో టైపు చేసి చెప్పాలి. పూర్తి మాట రాయడం ఆయనకు నామోషీ. రెండు మూడు అక్షరాలు కొట్టి, మిగతాది స్విచ్చే గ్రహించుకుంటుందని మురిసిపోతుంటాడు.

"ఒక్కో తీగా ఆపుతూ కూర్చుంటారా?" అంది భార్య.

"ఛఛ! నీ తీగ తప్ప మిగతావన్నీ ఆపమని స్విచ్‌కి చెప్తాను. ఆపినట్టు గుర్తుంచుకోమనీ చెప్తాను. రెండూ కలిపి ఒకే దెబ్బ!"

ఎంటర్ నొక్కాడు. ఇంట్లో సందడి ఆగిపోయింది.

"నాన్నా, నా క్లాసు పోయింది!" కూతురు అరిచింది.

"ఒరేయ్, టీవీలో ఆ పిల్ల నోరు తెరిచి అలాగే ఉండిపోయిందిరా!" అంది ఆయన తల్లి.

"నాకూ రావట్లేదండీ," అంది భార్య.

"నీ తీగ లైటు వెలుగుతోందిగా, చూడు!"

"బయటి నుంచి ఇంట్లోకి నెట్ తెచ్చే తీగ ఏదీ?"

ఇంజనీరు నోరు వెళ్లబెట్టాడు. మిగతావాటిలో అదీ ఉంది. తన లాప్‌టాప్ తీగా ఉంది; ఆ ఒక్క తీగలోంచి చెప్తేనే స్విచ్ వినేలా ఆయనే పెట్టుకున్నాడు.

"కరెంటు తీసి పెట్టండి."

"లాభం లేదు. గుర్తుంచుకోమని నేనే చెప్పాగా. నేరుగా దానికి తగిలించే కేబులొకటి ఉంది."

"తెండి మరి!"

"ఆఫీసులో ఉంది."

ఆ ఇంటి గోడల మధ్య ఫోను సిగ్నల్ అంతంతమాత్రం. ఇంటర్వ్యూకు ఇంకా పావుగంట కూడా లేదు.

"ఇంకేం దారి లేదా?"

"స్విచ్ ముందువైపు చిన్న రంధ్రం ఉంది. అందులో సూదిలాంటిది గుచ్చి కాసేపు పట్టుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. కానీ నేను ఇన్నాళ్లూ రాసిందంతా తుడిచిపెట్టుకుపోతుంది! ఏ గదికి ఎంత వేగం, ఎవరికి ఎంతసేపు, అన్నీ! ఉత్త బుర్ర లేని పెట్టె మిగులుతుంది. ఎవరడిగినా నెట్ ఇచ్చేస్తుంది!"

"నాకు కావలసిందీ అదే," అని ఆమె జడలోంచి పిన్ను లాగింది. ఆయన "ఆగవే, ఆగవే" అంటుండగానే గుచ్చేసింది. లైట్లన్నీ ఆరిపోయాయి. ఆయన కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి లైట్లు ఒక్కటొక్కటే వెలిగాయి. ఆమె గదిలోకి పరుగెత్తి తలుపు వేసుకుంది.

బయటికి వచ్చేసరికి ఆమె ముఖం వెలిగిపోతోంది. "వచ్చే నెల చేరమన్నారు."

"నాన్నా, నెట్ ఇంత వేగంగా ఎప్పుడూ రాలేదు. ఏం చేశావు?" అంది కూతురు.

"టీవీ కూడా ఎక్కడా ఆగట్లేదురా," అంది తల్లి. "ఇన్నాళ్లకు పని నేర్చుకున్నావు."

ఇంట్లో ఆయనకు దక్కిన మొదటి మెప్పు అది. ఎవరికి చెందవలసిందో విడమరిచి చెప్పే ఓపిక ఇంజనీరుకు లేకపోయింది.