చివరి మడి దాకా నీళ్లొచ్చే గేమ్

ఈ దేశంలో వ్యవసాయం హాయిగా సాగుతున్న చోటు ఒక్కటే మిగిలింది. అది సెల్‌ఫోన్లో!

నవ్వకండి. నేను బొబ్బిలి స్టేషన్ రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు నడుపుతున్నవాణ్ణి. పేరు జయకృష్ణ. పగిలిన అద్దం మార్చాక టచ్ పనిచేస్తోందో లేదో చూడాలి కదా! అందుకని వచ్చిన ప్రతి ఫోన్లోనూ ఏ గేమ్ ఉంటే ఆ గేమ్ కాసేపు ఆడతాను. కేవలం వృత్తిధర్మం. మా ఆవిడ కన్యాకుమారి దీన్ని వేరే పేరుతో పిలుస్తుంది. అది ఇక్కడ రాయదగింది కాదు.

ఇన్నేళ్ల సర్వీసులో నాకు అర్థమైందేమిటంటే, వీడియో గేముల లోకంలోనూ న్యాయం లేదు. తుపాకులు పట్టుకుని కాల్చుకునే గేములకేమో కోట్ల మంది భక్తులు! పత్రికల్లో తిట్లూ వాటికే, పొగడ్తలూ వాటికే. ఎవరి జోలికీ పోకుండా మనిషికి కాస్త సుఖాన్నిచ్చే చిన్న గేముల్ని పలకరించే నాథుడు లేడు.

ఉదాహరణకి రైలు గేటు గేమ్ ఒకటుంది. రైలు వస్తుంది, గేటు పడుతుంది. రైలు వెళ్తుంది, గేటు లేస్తుంది. అంతే! కొత్తవలస నుంచి వచ్చిన ఒక కస్టమరుకి చూపించాను. రైలు వెళ్లిన వెంటనే గేటు లేవడం చూసి ఆయన కళ్లు తుడుచుకుని, "ఇంకోపాలి సూపించండి బాబూ" అని బతిమాలాడు.

బస్సు గేమ్ ఇంకొకటి. రోడ్డు పక్కన ఒక ముసలమ్మ చెయ్యెత్తుతుంది. డ్రైవరు బ్రేకు వేసి, ఆమె కోసం బస్సు ఆపుతాడు! ఇంత ఊహాశక్తి ఉన్నవాళ్లు మన మధ్య ఉండి కూడా గుర్తింపు లేకుండా పోతున్నారంటే బాధగా ఉండదూ? కరెంటు పోయినప్పుడు ఫోన్ చేస్తే లైన్‌మన్ ఎత్తే గేమ్ కూడా చూశాను గానీ, మరీ అంత అభూతకల్పన నాకు పడదు.

వీటన్నిటికీ రారాజు 'పచ్చమడి' అనే గేమ్. ఎవరు తయారుచేశారో తెలియదు. నాకు తెలిసి ఈ జిల్లాలో దాన్ని ఆడింది నేనూ, మా జగ్గమ్మ వదినా, ఆవిడ పుణ్యమా అని వాళ్ల ఊరూ. అందులో ఒక వరిమడి ఉంటుంది. గట్టు మీద తూము బొమ్మ ఉంటుంది. దాన్ని వేలితో తాకితే గలగలమని శబ్దం చేస్తూ నీళ్లొచ్చి మడి నిండుతుంది. చేను పచ్చబడుతుంది. బొమ్మ రైతు తలపాగా తీసి మనకి నమస్కారం పెడతాడు. ఏ రైతైనా నీళ్లొచ్చాక అంత తీరిగ్గా నమస్కారం పెట్టడం మీరెక్కడైనా చూశారా?

జగ్గమ్మ వదిన మా ఆవిడకి స్వయానా అక్క. వాళ్ల ఊరు కాలువకి చిట్టచివర ఉంటుంది. ఊరి పేరు రాయొద్దని ఆవిడ ఆజ్ఞ. కాలువకి చివర అంటే ఏమిటో పట్నం పాఠకులకి తెలియకపోవచ్చు. పై ఊళ్లవాళ్లు పొలాలు తడిపి, గేదెల్ని కడిగి, బట్టలు ఉతుక్కుని, ఇంకా ఏమైనా మిగిలితే అది వచ్చే చోటన్నమాట.

ఈ ఏడు ఆషాఢంలో నాలుగు చినుకులు పడగానే వదినా, ఆవిడ భర్త నరసింగరావు అన్నయ్యా నారు పోశారు. ఆ తరవాత వాన మొహం చాటేసింది. కాలువలో నీళ్లు వదిలామని మైకులో చెప్పారు. మైకు ఊళ్లోకి వచ్చింది, నీళ్లు రాలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే వదిన ఫోను అద్దం పగిలి నా షాపుకొచ్చింది. అద్దం మార్చి, టచ్ చూడటానికి 'పచ్చమడి' ఎక్కించి, తీసెయ్యకుండా అలాగే పంపించాను. దీన్ని నేను రైతు సేవగా భావిస్తున్నాను.

వారం తిరక్కుండా వదిన ఆ గేమ్‌లో ఆరితేరిపోయింది. ఇక్కడ నారు పోసిన ఆకుమడి పక్కన గట్టు మీద కూర్చుని, అక్కడ ఫోన్లో తూము ఎత్తేది. ఒకరోజు ఆ గలగల శబ్దం విని పక్క చేలో ఉన్న ఈశ్వరి పలుగు పారేసి పరుగున వచ్చిందట.

"కాలవొచ్చీసినాదేటి అప్పా?"

"ఫోన్లో వచ్చినాదే. కూకో, సూద్దుగాని" అందిట వదిన.

ఈశ్వరి కూర్చుంది. రెండో రోజు ఇంకో ఇద్దరు వచ్చారు. నీళ్లు పారే శబ్దం వినడానికి ఎండలో అలా గట్టు మీద కూర్చునేవారట. వీడియో గేములు మనుషుల్ని ఒంటరివాళ్లని చేస్తాయని రాసే మేధావులు దీనికేం చెబుతారు?

నరసింగరావు అన్నయ్యకి మాత్రం ఒళ్లు మండింది. రోజూ పార భుజాన వేసుకుని కాలువ వెంట నడిచివెళ్లి, పై ఊళ్లవాళ్లతో తగువాడి, ఉత్త చేతుల్తో వచ్చే మనిషి ఆయన.

"బొమ్మ సేనికి నీళ్లు పెడితే మన కడుపు నిండుతాదేటే? సిగ్గు నేదా?" అని ఎగిరాడు.

వదిన ఫోను ఆయన చేతికిచ్చింది. అన్నయ్య బొటనవేలితో తూము మీద నొక్కాడు. గలగల! మడి నిండింది. ఆయన మెల్లిగా అడిగాడు.

"ఒలే, దీనికి తూము కాసే లస్కరు ఎవలే? తలుపు ఎత్తమనగానే ఎత్తేస్తన్నాడు. ఆణ్ణి మన కాలవకి ఏయించుకుందుం."

ఆ తరవాత ఆయన కూడా రోజూ కాసేపు ఆడటం మొదలుపెట్టాడని మా ఆవిడ చెప్పింది. ఆడి, కళ్లు మూసుకుని పడుకునేవాడట.

ఈలోగా అసలు ఆకుమడి పసుపుపచ్చగా తిరిగింది. నారు పోతే ఉడుపులు, అంటే నాట్లు, ఉండవు. ఉడుపులు లేకపోతే ఏడాది తిండిగింజలు ఉండవు. ఇది గేమ్ కాదు గనక మళ్లీ మొదటినుంచి ఆడే వీలు లేదు. ఒక పొద్దున్న వదినా అన్నయ్యా నా షాపు ముందు ఆటో దిగారు.

"మరిదిగోరూ, కాలవల ఆఫీసుకి ఎల్దుం రండి. ఫోన్ల బాస మీకు తెలుసు. ఆల్లు ఇప్పుడు ఏటడిగినా ఫోన్లోనే సూసి సెప్తన్నారు" అంది వదిన.

షట్టరు దించి వెళ్లాను. ఆఫీసులో త్రినాథ్ అనే కుర్ర ఇంజనీరు ఉన్నాడు. శ్రీముఖలింగం దగ్గర రైతు కుటుంబమట. మంచివాడే, కుర్చీలు వేయించాడు. వదిన చెప్పింది విని, తలాడించి, తన ట్యాబ్ మా వైపు తిప్పాడు.

ఏం చెప్పమంటారు! అంత అందమైన బొమ్మ నేను ఏ గేమ్‌లోనూ చూడలేదు. నీలం రంగులో కాలువ పాములా మెలికలు తిరుగుతోంది. అటూ ఇటూ ఊళ్లు. అన్నీ ఆకుపచ్చ! కాలువ చివర మా వదిన ఊరు కూడా చిలకపచ్చగా మెరిసిపోతోంది.

"చూశారా అమ్మా? మీ ఊరికి నీరు చేరింది. చివరి ఎకరం వరకు" అన్నాడు త్రినాథ్.

వదిన కళ్లజోడు సర్దుకుని, వంగి, శ్రద్ధగా చూసింది. ఆవిడ మొహంలో వెటకారం లేదు. తోటి ఆటగత్తె గౌరవం ఉంది.

"ఇదేటి గేమ్ బాబూ? మాదానికన్నా శానా బాగున్నాది. మాదాంట్లో తూము నాను ఎత్తాల. మీదాంట్లో ఎత్తకుండానే వచ్చీసినాయి!"

త్రినాథ్ నవ్వబోయి ఆగిపోయాడు.

"ఇది గేమ్ కాదమ్మా, డ్యాష్‌బోర్డు" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి మా భాషలోకి దిగిపోయాడు. "పైన కాలవ మొదట్లో హెడ్డు దగ్గర తలుపు తెరిసినామని నాను నొక్కితే, కింద ఊళ్లన్నీ వాటికవే పచ్చబడిపోతాయి. అలాగ తయారు సేసి ఇచ్చినారు."

వదిన తన చేతిసంచిలోంచి ఒక గుప్పెడు నారు తీసి బల్ల మీద పెట్టింది. ఎండి, కొసలు మాడిపోయిన నారు.

"మరి ఇదెప్పుడు పచ్చబడతాది నాయినా?"

పాఠకులారా, ఇలాంటి చోట ఆఫీసర్లు ఏం చేస్తారో మీకు తెలుసు. ఈ వ్యంగ్యం రాస్తున్నవాడిగా నేను కూడా దానికోసమే ఎదురుచూశాను. కానీ ఆ కుర్రాడు నన్ను నిరాశపరిచాడు. మర్నాడు స్కూటరు వేసుకుని వదిన ఊరికి వచ్చేశాడు!

అన్నయ్యతో కలిసి కాలువ వెంట పైకి నడిచాడు. ఒకచోట కల్వర్టు కూలి రాళ్లు అడ్డం పడ్డాయి. ఒకచోట గుర్రపుడెక్క మనిషిలోతు పెరిగింది. ఇంకొంచెం పైన ఇసక బస్తాలు వేసి నీళ్లు పక్కకి మళ్లించారు. త్రినాథ్ గట్టు మీద కూలబడి ట్యాబ్ తీశాడు. వెతగ్గా వెతగ్గా ఒక మూల 'నీరు చేరలేదు' అనే ఎర్ర మీట కనపడింది.

"ఇదొకటి ఉన్నాదని నాకే తెల్దు" అన్నాడు. "ఎవలూ నొక్కినట్టు నేదు."

"నొక్కితే ఏటవుతాది బాబూ?" అన్నయ్య అడిగాడు.

"ఏటో తెల్దు. సూద్దుం."

నొక్కాడు. వదిన ఊరు ఎర్రగా మారింది.

ఇక చూడండి! పచ్చటి పటం మధ్యలో ఒక్క ఎర్రచుక్క! పై ఆఫీసులో ఎక్కడో పెద్ద గోడ మీద పెద్ద తెర మీద ఆ చుక్క మెరిసిందట. అక్కణ్ణుంచి ఇక్కడికి ఫోన్లు, ఇక్కణ్ణుంచి అక్కడికి ఫోన్లు. కరువొస్తే కదలని జీపులు ఎర్రచుక్కకి కదిలాయి. పొక్లెయిన్ వచ్చింది. రాళ్లు తీసింది, గుర్రపుడెక్క పీకింది. ఇసక బస్తాలు ఎవరు వేశారో తెలియనట్టే, ఎవరు తీశారో కూడా తెలియకుండా మాయమయ్యాయి.

నీళ్లొచ్చాయి. నేనూ మా ఆవిడా చూడటానికి వెళ్లాం. ముందు ఎండుటాకుల్నీ, నురగనీ తోసుకుంటూ మట్టిరంగులో ఒక పాయ వచ్చింది. అన్నయ్య మోకాళ్ల దాకా కాలువలోకి దిగి, పారతో దాన్ని మడి వైపు తిప్పాడు. నెర్రెలు తాగుతుంటే చుయ్యిమని శబ్దం. ఫోన్లో ఈ శబ్దం ఉండదు. వదిన గట్టు మీద నిలబడి ఏడ్చింది, ఏడుస్తూనే అన్నయ్యని కేకలేసింది.

"ఆ పక్క గట్టు తెగిపోతన్నాది, సూడవేటి మనిసీ!"

నమస్కారం పెట్టే తీరిక ఎవరికీ లేదు.

సగం నారు బతికింది. మిగతా సగం పై ఊళ్లో ఈశ్వరి చుట్టాల దగ్గర తెచ్చుకున్నారు. ఉడుపులు పూర్తయ్యాయి. మేం కూడా ఒక పూట మడిలోకి దిగాం. వంగి లేచేసరికి నా నడుం పట్టేసింది. మా ఆవిడ మాత్రం అక్కని దాటి ముందుకెళ్లిపోయింది.

నీళ్లు వచ్చిన రోజునే ఆఫీసు నుంచి ఎవరో వచ్చి ఫొటో తీసుకున్నారు. ఊరు మళ్లీ ఆకుపచ్చ అయింది. త్రినాథ్‌ని పైఅధికారులు పిలిచి, నీళ్లెందుకు చేరలేదని కాదు, ఎర్రగా ఎందుకు చేశావని అడిగారట. ఇప్పుడతను బదిలీ మీద కాలువలే లేని చోట పనిచేస్తున్నాడు. అక్కడ ఏ మీట నొక్కినా ఎవరికీ ఇబ్బంది లేదు.

పొక్లెయిన్ వెళ్లిపోయింది. ఇసక బస్తాలు పాత చోటికి వచ్చేశాయి. వాన మళ్లీ రావడం లేదు. మేం ఆఫీసుకి వెళ్తే కొత్తాయన అదే ట్యాబ్ తిప్పి చూపించాడు. అదే చిలకపచ్చ!

కాబట్టి నేను ఘంటాపథంగా చెబుతున్నాను. ఇన్ని తెలివితేటలు, ఇంత ఖర్చు, ఇంత పచ్చదనం పోసి చేసిన ఈ మహత్తర గేమ్‌కి దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు. దీనికి బహుమతులివ్వాలి. ప్రపంచమంతా దీన్ని ఆడాలి. ఇందులో ఒకే ఒక్క లోపం ఉంది. ఆడేది వాళ్లు, ఓడిపోయేది మేము.

నిన్న వదిన ఫోన్ చేసింది.

"మరిదిగోరూ, ఆ బాబు నొక్కిన ఎర్ర మీట నా ఫోన్లో ఎక్కించగలరేటి?"

నాకు చేతకాదని చెప్పాను. మీలో ఎవరికైనా ఆ గేమ్ పాస్‌వర్డ్ తెలిస్తే దయచేసి స్టేషన్ రోడ్డులో నా షాపుకి రండి. ఆ ఊరిని వెంటనే ఎర్రగా చెయ్యాలి. నీళ్లందితేనే కంకి వేస్తుంది, చేను పొట్ట మీద ఉంది.