మొహం మసకేసిన ఫోటో

"మదురైలో నేరం జరిగితే మొదట తెలిసేది నా ముక్కుకు. పోలీసులకు ఆ తర్వాతే!" అని ప్రకటించినాడు ఆండి. గొడుగులు బాగుచేసేవాడికి ఈ ముక్కెందుకో దేవుడికే తెలియాల. పక్కనున్న వాడి మామ మారి, ఆటో తాళంచెవి జేబులో దాచుకున్నాడు. ఆండి మేధస్సు రగిలినప్పుడల్లా కాలేది మారి ఆటోలో డీజిలు.

ఎదురుగా ముత్తులక్ష్మి, చంకలో గుడ్డల సంచి. ఆమె మొగుడు కదిరవన్ ఫోనుకు ట్రాఫిక్ కెమెరా ఫోటో వచ్చింది. అతని మోపెడ్ వెనక కూర్చున్న ఆడమనిషికి హెల్మెట్ లేదంట, జరిమానా. నలుపు తెలుపు ఫోటో. ఎవరి గుట్టూ బయటపడకూడదని ఆమె మొహం మసకేసినారు.

"ఎవరని అడిగితే 'శుక్రవారం చెప్తా' అంటాడన్నా. ఈ రోజే శుక్రవారం. అదెవరో తేలకపోతే ఇట్లే తేని ఊరి బస్సెక్కి అమ్మింటికి పోతా."

"మసక!" ఆండి ఎగిరి లేచినాడు. "ఇది అంతర్జాతీయ ముఠా! మామా, వీధిలో ఆడోళ్ళందరి ఆధార్ జిరాక్సులూ తే. పోల్చి చూడాల."

"మసకలో ఏం పోలుస్తావురా?"

"మసకనే!"

"ఆధార్ నీకెవరిస్తారు?"

ఆండి బజ్జీ పొట్లం విప్పినాడు. కాగితం ఎవరో సంతానలక్ష్మి ఆధార్ కాపీ, మొహం నిండా నూనె. "చూడు, ఒకటి అప్పుడే దొరికె!"

మారికి ఒళ్ళు మండింది. సిమ్ము అంగడిలో మనమిచ్చిన మొహాలు బజ్జీలు చుట్టను పోతాయి. కెమెరా ముందు మాత్రం మనకు రాజమర్యాద!

అంతలో కదిరవన్ మోపెడ్ వీధి దాటింది. ముగ్గురూ ఆటోలో వెంటబడినారు. ఊరి బయట అమ్మవారి గుడి ముందు కదిరవన్ దిగి లోపలికి పోయినాడు. ప్రహరీ వారన ఒక ఆడది, వీపు ఇటు పెట్టి కూర్చోనుంది.

"అదే!" ముత్తులక్ష్మి వేలు చూపించింది.

"కదిలితే కాల్చేస్తా!" అంటూ ఆండి ఉరికినాడు. చేతిలో ఉండేది గొడుగు కమ్మి. కొబ్బరినీళ్ళమీద కాలు జారి, పడతా పడతా ఆమె కొప్పు పట్టుకున్నాడు. తల ఊడి చేతికొచ్చింది.

"హత్య! మామా, నేను చెయ్యలేదు!" ఆ తలను ఆటోలో కూర్చున్న మారి ఒళ్ళోకి విసిరినాడు.

కాల్చిన మట్టి తల. మెడ లోపల డొల్ల.

ముత్తులక్ష్మి దగ్గరికి పోయింది. "ఈ చీర నాది గదా! పోయిన నెల నుంచి వెతుకుతుండా."

పసుపు కుంకుమతో బయటికొచ్చిన కదిరవన్ అక్కడే కూలబడినాడు. "నీ మోకాలు నయమైతే నీ మాదిరి బొమ్మ చేయించి, నీ చీర కట్టి అమ్మవారికి ఇస్తానని మొక్కుకున్నా. కుమ్మరాయన దగ్గర్నుంచి మోపెడ్ మీద తెచ్చేటప్పుడే ఆ ఫోటో పడింది. చెల్లించేముందు నోరు జారితే నొప్పి మళ్ళీ వస్తాదంటారే మనోళ్ళు. ఎట్ల చెప్పేది?"

మట్టి మొహాన్ని మనిషి మొహమనుకొని దాచిపెట్టింది కెమెరా!

"ముద్దాయి మట్టిమనిషని నాకు మొదట్నుంచీ అనుమానమే," అన్నాడు ఆండి, పంచె దులుపుకుంటా.

ముత్తులక్ష్మి వాణ్ణి చూడనే లేదు. మారి దగ్గర చెయ్యి చాపింది. "నా తలకాయ ఇటియ్యన్నా."

తలను ఒళ్ళో పెట్టుకొని మోపెడ్ వెనక కూర్చుంది. "కుమ్మరాయన ఇంటికి పా. మొండెం అన్న ఆటోలో తెస్తాడు, అతికించుకొని వద్దాం."

"మోకాలు జాగ్రత్త," అన్నాడు కదిరవన్.

"మోకాలు బాగానే ఉంది. నువ్వు గుంతలు చూసి నడుపు, తల పగిలితే మళ్ళీ మొదటికొస్తాది."