ముప్పై రెండు సంతకాల త్యాగం

ఆ రోజుకి వాల్వు మామయ్య వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకోవడం, పదింటికి మున్సిపల్ ఆఫీసులో బహిరంగ విచారణకు వెళ్లి మూడు నిమిషాలు మాట్లాడటం, పన్నెండింటికి ఇంటికొచ్చి భోంచేయడం. వీటిలో మొదటిదీ మూడోదీ అనుకున్నట్టే జరిగాయి.

ముప్పై ఎనిమిదేళ్లు మంచినీళ్ల విభాగంలో వీధివీధికీ వాల్వులు తిప్పి రిటైరైన మనిషి కాబట్టి పేటంతా ఆయన్ని వాల్వు మామయ్య అంటుంది. ఆ లెక్కన ఆయన భార్య అందరికీ అత్తయ్య. రిటైరైన ఉద్యోగికీ భార్యకీ ఆసుపత్రి ఖర్చు మున్సిపాలిటీయే పెట్టుకునే ఏర్పాటు ఒకటుంది. ఇప్పుడు ఆ సాయం ఆపేసి, మిగిలిన డబ్బుతో కమ్యూనిటీ హాలు కట్టాలని కౌన్సిల్ ఆలోచన. అత్తయ్య కుడి మోకాలికి వచ్చే నెల పదహారున ఆపరేషను. సాయం ఆగిందంటే ఆపరేషనూ ఆగినట్టే.

"ఏవండీ, మాట్లాడాల్సిందంతా గుర్తుందా?" అంది అత్తయ్య, గోడ పట్టుకుని వంటింట్లోంచి వస్తూ.

"నిద్రలో లేపి అడిగినా చెప్తాను."

"నిద్రలో అక్కర్లేదు, మెలకువగా ఉన్నప్పుడు చెప్పండి చాలు. అక్కడికెళ్లి కనిపించినవాళ్లందర్నీ పలకరించి, పిల్లాజెల్లా కులాసానా అని కనుక్కుని వచ్చేస్తారు. మీ సంగతి నాకు తెలీదూ?"

"ఇవాళ చూడు. ఆ చైర్మన్ చేత మూడు చెరువుల నీళ్లు తాగిస్తాను."

"ముప్పై ఎనిమిదేళ్లు ఊరందరి చేతా తాగించారుగా, ఇంకొక్కడు ఎక్కువేం కాడు. వెళ్లిరండి" అని ఆవిడ కుర్చీలో కూర్చోబోయి, సగంలో "అమ్మా" అని ఆగిపోయింది. మామయ్యకు మనసు చివుక్కుమంది. ఆ మూడు నిమిషాల మాటలూ దారి పొడుగునా మళ్లీ వల్లించుకున్నాడు.

ఆఫీసు గేటు దగ్గర రిటైరైన ఉద్యోగులు ముప్పై ఒక్కమంది ఎదురుచూస్తున్నారు. మామయ్యతో ముప్పై రెండు. వీధి దీపాలు చూసినవాళ్లు, చెత్త లారీలు నడిపినవాళ్లు, పన్ను బిల్లులు పంచినవాళ్లు, అందరికీ పెద్దగా మాజీ శానిటరీ ఇన్‌స్పెక్టరు గారు. ఆయన సర్వీసులో ఉండగా, కాగితం చదవకుండా సంతకం పెట్టినవాణ్ని బతకనిచ్చేవారు కాదని పేరు. అందరి కళ్లల్లోనూ నిప్పులే. గేటు కాపలావాడు భయపడి ఒక అడుగు వెనక్కి వేశాడు కూడా.

హాలు గుమ్మం పక్కన బల్ల, బల్ల మీద రెండు పుస్తకాలు. ప్రతిపాదనను బలపరిచేవాళ్లకు ఒకటి, వ్యతిరేకించేవాళ్లకు ఒకటి. ఏది ఏదో చెప్పడానికి కూర్చోబెట్టిన గుమాస్తా అమ్మాయి మంచినీళ్లు తాగడానికి లేచి వెళ్లింది. అట్టలు వెనక్కి మడిచి ఉన్నాయి. పైకి కనిపించేవి వరుస నంబరు, పేరు, సంతకం, అంతే.

మున్సిపాలిటీలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడికి గుమ్మం దగ్గర పుస్తకం కనిపిస్తే చెయ్యి దానంతటదే లేస్తుంది. ఆ రోజుల్లో సంతకం పెట్టకుండా గుమ్మం దాటితే ఒక పూట జీతం గోవిందా. అందుకని మామయ్య, చదవడమూ ఆలోచించడమూ లాంటి అదనపు శ్రమ పెట్టుకోకుండా, గుమ్మానికి దగ్గరగా ఉన్న పుస్తకంలో సంతకం పెట్టి, పక్కన వచ్చిన టైము కూడా వేశాడు. వెనకవాళ్లు తోసుకున్నారు.

"ఆగవోయ్, నేను నీకంటే రెండేళ్లు సీనియర్ని."

"సీనియారిటీ జీతంలో చూపించారా ఎప్పుడైనా? జరగండి బాబాయ్."

ముప్పై ఒక్క సంతకాలూ పూర్తయ్యాక ఇన్‌స్పెక్టరు గారు తన సంతకం చేసి, సరిగ్గా పది కొట్టగానే జేబులోంచి ఎర్ర సిరా కలం తీశారు. అందరి పేర్ల కిందా అడ్డంగా గీత గీసి, "సరిచూడబడినది" అని రాసి, పొట్టి సంతకం కూడా పడేశారు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు చోటు లేకుండా చెయ్యడం ఆయనకు పాతికేళ్ల అలవాటు. అది బలపరిచేవాళ్ల పుస్తకం.

లోపల చైర్మన్‌కు పొద్దుటి నుంచీ గుండె దడగానే ఉంది. ముసలివాళ్లు గొడవ చేస్తారని ఇద్దరు పోలీసుల్ని కూడా పిలిపించుకున్నాడు. పుస్తకాలు రెండూ బల్ల మీదకి వచ్చాయి. ఒకదాంట్లో ముప్పై రెండు సంతకాలు, రెండోది తెల్లగా ఉంది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఎర్ర సిరాతో ధ్రువీకరణ కూడా చూసేసరికి పాపం ఆయనకి కళ్లు చెమర్చాయి.

"వ్యతిరేకించేవాళ్లు ఒక్కరూ లేరు కాబట్టి, నిబంధనల ప్రకారం చర్చ అవసరం లేదు. ప్రతిపాదన ఆమోదం పొందింది" అన్నాడు. "తమ వైద్య సాయాన్ని ఊరి బాగు కోసం వదులుకున్న ఈ మహానుభావులకు ఏమిచ్చి రుణం తీర్చుకోగలం!"

మామయ్య దిగ్గున లేచాడు. "అయ్యా చైర్మన్ గారూ, అసలు మేం వచ్చింది..."

"తెలుసు పెద్దాయనా, తెలుసు! ఇంకా మాటలెందుకు?" అంటూ చైర్మన్ వేదిక దిగి వచ్చి ఆయన్ని గట్టిగా కావలించుకున్నాడు. చైర్మన్‌ది విశాలమైన ఛాతీ. మూడు నిమిషాల ప్రసంగం అందులో ఊపిరాడక పోయింది. ఎవరిదో కెమెరా మెరిసింది. హాలంతా చప్పట్లు.

బయట విలేకరి ఒకడు కలం పట్టుకుని తయారుగా ఉన్నాడు. అప్పుడైనా నిజం చెప్పేస్తే పోయేది. కానీ ఇన్‌స్పెక్టరు గారు, చదవకుండా సంతకం పెట్టానని, పైగా ఎర్ర సిరాతో సరిచూశానని, ఏ నోటితో చెప్తారు?

"మేం ముందే అనుకున్నాం బాబూ. మోకాళ్లదేముంది, ఇవాళ ఉంటాయి రేపు పోతాయి. ఊరు ముఖ్యం" అన్నారు. ఆయన మోకాళ్లు రెండూ లక్షణంగా ఉన్నాయి. మామయ్య వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగాడు. ఆయన ఇంకో అడుగు ముందుకేసి ఫొటోకి నవ్వారు.

పన్నెండింటికి ఇంట్లో కంచం ముందు కూర్చుంటే అత్తయ్య ఆత్రంగా అడిగింది. "ఏమైందండీ?"

"చప్పట్లు కొట్టారు."

"అయితే బాగానే మాట్లాడారన్నమాట! నేనే అనవసరంగా మిమ్మల్ని తక్కువ చేశాను" అని ఆవిడ సంతోషంగా ఇంకో గరిటె వడ్డించింది. మామయ్య వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. సాయంత్రం చెబుదామనుకున్నాడు, సాయంత్రం రాత్రికి వాయిదా వేశాడు, రాత్రి నిద్రపోయినట్టు నటించాడు.

తెల్లారి పక్కింటావిడ పేపరు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "అత్తయ్యగారూ! మామయ్యగారు ఎంత గొప్ప మనసున్నవారండీ!"

చైర్మన్ కౌగిట్లో కళ్లు తేలేసిన మామయ్య ఫొటో. పైన పెద్ద అక్షరాలతో "వైద్య సాయం మాకొద్దు!" అని ఉంది. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. పక్కింటావిడ వెళ్లేదాకా నవ్వుతూనే ఉంది. తలుపు వేశాక నవ్వు తీసేసింది.

"ఏవండీ, మీకు మోకాళ్లు ఎన్ని?"

"రెండు."

"ఇవ్వాలనుకుంటే వాటిల్లో ఒకటి ఇచ్చి రావాల్సింది. నాదెందుకు ఇచ్చారు?"

మామయ్య జరిగిందంతా చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. "ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు, ఏం చేస్తారు లెండి" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ నడక చూసి ముసలాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అరగంటలో ఆయన మున్సిపల్ ఆఫీసు సూపరింటెండెంటు ముందున్నాడు. "బాబూ, మా సంతకాలు వెనక్కి తీసుకుంటాం."

"దానికి ఫారం లేదండీ."

"తెల్లకాగితం మీద రాసిస్తాను."

"తెల్లకాగితం తీసుకోవాలంటే కౌన్సిల్ తీర్మానం చెయ్యాలి. కౌన్సిల్ మళ్లీ మూడు నెలలకి. పోనీ కొట్టేద్దామా అంటే మీవాళ్లే సరిచూసి గీత గీశారాయె! ఇంత పద్ధతిగా ఉన్న పుస్తకం నా సర్వీసులో చూడలేదండీ, చెయ్యి వెయ్యబుద్ధి కావట్లేదు" అన్నాడు సూపరింటెండెంటు మురిసిపోతూ.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, గుమ్మంలో రిటైరైన పంతుళ్ల సంఘం ఎదురైంది. "మీరు దానకర్ణుల్లా ఇచ్చేశారు. ఇప్పుడు కౌన్సిల్ వాళ్లు మా సాయం కూడా వదులుకోమంటున్నారు. మీ పుణ్యమా అని మా గుండె మందులు ఆగిపోయేలా ఉన్నాయి మహాప్రభో!" అని చెడామడా వాయించారు. ఇంటికొచ్చేసరికి ఆహ్వాన పత్రిక ఎదురుచూస్తోంది. వచ్చే ఆదివారం హాలుకి శంకుస్థాపన. త్యాగధనులు ముప్పై రెండు మంది పేర్లూ రాతి ఫలకం మీద చెక్కిస్తున్నారు. పేర్ల పైన చైర్మన్ పేరు, ఆ కింద కౌన్సిలర్ల పేర్లు. "సతీసమేతంగా రావాలి" అని అడుగున గీత గీసి మరీ ఉంది.

"నువ్వు రావద్దులే. మెట్లూ అవీ ఉంటాయి" అన్నాడు మామయ్య.

"ఎందుకు రాను? నా మోకాలు ఎక్కడ పాతిపెడుతున్నారో నేను చూసుకోవద్దూ?" అంది అత్తయ్య.

ఆదివారం మైదానమంతా జనం. వేదిక మీద కౌన్సిలర్లు పదకొండుమంది బారుగా కూర్చున్నారు. చైర్మన్ మంచి ఊపు మీదున్నాడు. "ప్రతి త్యాగి వెనకా ఒక తల్లి ఉంటుంది. ఆ తల్లి నోట రెండు మంచి మాటలు విందాం" అని అత్తయ్యను పిలిచాడు. మామయ్య కుర్చీలోంచి సగం లేచాడు. ఇది గానీ ఉన్నమాట అనేస్తే ముప్పై రెండుమంది తలలూ నేల చూడాల్సిందే. అలాగని ఆపడానికి ఆయనకు నోరూ రాలేదు. ఆ మోకాలు ఆవిడది.

అత్తయ్య నాలుగు మెట్లూ ఒక్కొక్కటే ఎక్కింది. ఒక్కో మెట్టుకీ ఆగి, కమ్మీ పట్టుకుని, పళ్లబిగువున ఎడమకాలు ముందు వేసి, కుడికాలు వెనక లాక్కుంది. మెట్టు మెట్టుకీ మైదానంలో సద్దు తగ్గింది. ఆవిడ మైకు అందుకునేసరికి పిల్లల ఏడుపు కూడా లేదు.

"నాకు ఉపన్యాసాలు రావు నాయనా" అంది. "మా ఆయన ఒక్క సంతకంతో నా మోకాలు ఊరికి ఇచ్చేశారు. మంచిదే. ఆ బండ మీద ఆయన పేరుంది, చూసుకున్నాను. దాని పైన మీ పేర్లు కూడా ఉన్నాయి. మరి మీరేం ఇచ్చారు?"

చైర్మన్ నవ్వబోయి మానుకున్నాడు.

"తప్పుగా అనుకోకండి, తెలీక అడుగుతున్నా. మీకూ, మీ ఇంట్లోవాళ్లకీ కూడా ఆసుపత్రి ఖర్చు మున్సిపాలిటీయే ఇస్తుందటగా? మాకంటే ముందే వదులుకునే ఉంటారు. ఆ మాటేదో చెప్తే అందరం చప్పట్లు కొడతాం."

ముందు వరసలో పంతుళ్ల సంఘం అప్పుడే మొదలెట్టేసింది చప్పట్లు. అవి వెనక్కి పాకి మైదానమంతా అంటుకున్నాయి. "చెప్పండి! చెప్పండి!" అని కేకలు. చైర్మన్ కౌన్సిలర్ల వంక చూశాడు. వాళ్లు ఫలకం వంక చూశారు. మూడో వార్డు కౌన్సిలరు చెయ్యి అసంకల్పితంగా దవడ మీదకి వెళ్లింది. పాపం ఆయనకి పైవరసలో నాలుగే పళ్లున్నాయి. కొత్త సెట్టుకి మున్సిపాలిటీ ఖర్చుతో కొలతలు కూడా ఇచ్చి ఉన్నాడు.

"ఆలోచించి... సభలో... తగిన నిర్ణయం..." అన్నాడు చైర్మన్. శంకుస్థాపన ముహూర్తం దాటిపోయింది గానీ, ఆ సంగతి ఎవరూ గుర్తు చెయ్యలేదు.

మూడు నెలల తర్వాత కూడాల్సిన కౌన్సిల్ మర్నాడు పొద్దున్నే అత్యవసరంగా కూడింది. పెద్దల నుంచి త్యాగం స్వీకరించడం ఈ సభ గౌరవానికి తగదని, వైద్య సాయం అందరికీ యథాతథంగా కొనసాగాలని, కౌన్సిల్ హాలుకు ఏసీలూ మెత్తటి కుర్చీలూ కొనాలనుకున్న డబ్బుతో కమ్యూనిటీ హాలు కట్టాలని నాలుగు నిమిషాల్లో తీర్మానించింది. తీర్మానాన్ని ప్రవేశపెట్టింది మూడో వార్డు కౌన్సిలరే. చాలా ఆవేశంగా మాట్లాడాడట.

ఆ కబురు విని మామయ్య వీధి అరుగు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అత్తయ్య లోపల్నుంచి కేకేసింది. "ఏడుపు తర్వాత, ముందు ఆసుపత్రికి ఫోను చెయ్యండి. తారీఖు ఇంకెవరికైనా ఇచ్చేస్తారు." ఇన్‌స్పెక్టరు గారు మాత్రం, ఇదంతా తాము ముందే వేసిన ఎత్తు అని విలేకరికి చెప్పారు. ఈసారి మామయ్య ఆయన చొక్కా లాగలేదు.

పదహారో తారీఖున అత్తయ్య మోకాలికి ఆపరేషను అయింది. పంతొమ్మిదిన మూడో వార్డు కౌన్సిలరుకు పళ్లు వచ్చాయి.