వినబడితే నొక్కండి

మర్నాడు అన్న కూతురి పెళ్లి. శుభలేఖ పోస్టులో వచ్చింది. చిరునామా తప్ప అందులో చేతిరాత లేదు. వెళ్లాలో వద్దో ఆ పొద్దున తేల్చుకోవాలని వినికిడి పరీక్షలు చేసే టెక్నీషియన్ అనుకున్నాడు. తల్లి పోయిన రోజున, తమ్ముడు ఆమెను సరిగా చూసుకోలేదని అన్న నలుగురిలో అన్నాడు. ఆరేళ్లుగా మాటల్లేవు.

వెళ్లమనీ వద్దనీ భార్య చెప్పలేదు. రోజూ పాట పెట్టుకుని కళ్లు మూసుకునే మనిషి ఆమె. "ముందు మనసు కుదుటపడనివ్వండి. తర్వాత దేవుడు చెప్పేది వినిపిస్తుంది" అంది. ఇంట్లో అతనికి మిక్సీ తప్ప ఏమీ వినిపించలేదు.

అందుకని గంట ముందే క్లినిక్కుకు వెళ్లి, చప్పుడు చొరబడని పరీక్ష గదిలో కూర్చున్నాడు. హెడ్‌ఫోన్‌ను యంత్రం నుంచి పీకి, తన ఫోనుకు తగిలించి వీణ పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పేషెంట్లు నొక్కే మీట కుర్చీలో అడ్డం వస్తే తీసి చేతిలో పట్టుకున్నాడు.

తొమ్మిదింటికి అన్న వచ్చాడు. అద్దంలోంచి తమ్ముణ్ణి చూసి నిలబడిపోయాడు. సార్ యంత్రం సరిచూసుకుంటున్నారనుకుని రిసెప్షనిస్టు మైకు చూపించింది.

"ఇందులో మాట్లాడండి. వినబడితే మీట నొక్కుతారు, ఇక్కడ దీపం వెలుగుతుంది."

"ఒరేయ్, ఆ రోజు నేనన్నది తప్పురా" అన్నాడు అన్న.

దీపం వెలగలేదు.

బెంచీ మీది ముగ్గురూ చెవులు వినబడక వచ్చినవాళ్లే. ఏమంటున్నాడని పెద్దావిడ అడిగింది. తమ్ముణ్ణి క్షమాపణ అడుగుతున్నాడని రిసెప్షనిస్టు గొంతు పెంచి చెప్పింది. పక్కాయనకు అదీ అందలేదు. ఇంకా పెంచింది. మెట్లెక్కుతున్నవాళ్లు ఆగారు. అన్న తల వంచుకుని మళ్లీ అడిగాడు. మూడోసారీ అడిగాడు. తమ్ముడు మొండిఘటమని పెద్దావిడ తేల్చేసింది.

"అయితే మమ్మల్ని వదిలేసుకున్నట్టేనా?"

సరిగ్గా అప్పుడే లోపల టెక్నీషియన్ మనసు నిలిచింది. 'వెళ్లు, అతను నీ అన్న' అనే మాట లోపలి నుంచి స్పష్టంగా వినిపించింది. వినబడితే నొక్కండని ఇరవయ్యేళ్లుగా జనానికి చెబుతున్న మనిషి. బొటనవేలు దానంతటదే నొక్కింది.

దీపం వెలిగింది. అన్న మైకు పక్కన పెట్టి మెట్లు దిగిపోయాడు.

కాసేపటికి టెక్నీషియన్ తేలికపడి బయటికొచ్చి, పెళ్లికి రేపు సెలవు రాసుకొమ్మన్నాడు. బెంచీ మీదివాళ్లు మొహాలు తిప్పుకున్నారు. సంగతంతా రిసెప్షనిస్టు నోట విని, నిలబడ్డ చోటి నుంచే ఫోను చేశాడు. అన్న ఎత్తలేదు. నాలుగోసారి వదిన ఎత్తింది.

"వదినా, అది నా జవాబు కాదు."

"అంతమంది చూశారటగా" అంది వదిన.

వంటవాళ్లకు ఇద్దరు తక్కువని అప్పటికే చెప్పేశారు.